శ్రావణికి, పచ్చళ్ల సైటు తెరిచే ముందు

శ్రావణీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గచ్చిబౌలి ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్ముతావట. చెబుతూ అది ఏడుస్తోంది, వింటూ నాకు లోపల్లోపల గర్వం. మన ఇంట్లో గల్లాపెట్టె ముందు కూర్చోబోయే మొదటి ఆడపిల్లవి నువ్వే.

తినే సరుకు అమ్మడానికి కావాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు తీసుకుని లేబుల్ మీద వెయ్యి. డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ నీ పేరు మీదే కొను, సైటు కట్టే కుర్రాడి పేరు మీద వద్దు. నూనె కారకుండా సీసా మూతకి సీల్ వేయించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు నిద్ర పట్టనిది ఇంకోటి. నీ సైటుని గూగుల్ వెతుకులాటలో పైకి తెచ్చే పని (ఎస్ఈఓ) చూసే కుర్రాడు పోటీవాళ్ల సైట్ల అడ్రసులు టైటిల్లో పెట్టి నలభై పేజీలు చేస్తానన్నాడట. ఎవరైనా గూగుల్‌లో వాళ్ల అడ్రసు కొడితే మీరు కనిపించాలని. మీ అమ్మకి అది భలే తెలివిగా అనిపించింది. నాకు 2008 గుర్తొచ్చింది.

అప్పుడు విజయవాడలో నాకు స్వీట్ల సైటు ఉండేది. నీకు గుర్తుండదు, మూడో క్లాసు. అమెరికాలో పిల్లలు డబ్బు కడితే ఇక్కడ వాళ్ల అమ్మానాన్నల ఇంటికి డబ్బాలు చేర్చేవాళ్లం. మాకన్నా ముందు నుంచీ అదే పని చేస్తున్నాయన ఒకరు ఉండేవారు. ఒక పేజీ చేసి, టైటిల్లో ఆయన అడ్రసు డాట్ కామ్‌తో సహా పెట్టాను. పేజీ అడుగున తెలుపు మీద తెల్ల అక్షరాలతో అదే అడ్రసు ముప్పైసార్లు కొట్టాను. మూడు వారాల్లో గూగుల్‌లో ఆయన కిందే మేం. కొన్ని రోజులైతే పైన కూడా. ఆ సంబరానికి అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాను.

ఆ నెలలోనే చికాగో నుంచి ఆర్డరు. గుంటూరు బ్రాడీపేటలో నాన్నగారి పుట్టినరోజుకి రెండు కిలోల డబ్బా. నోట్ గడిలో ఒకే మాట: "ఎప్పటిలాగే".

మాకు అతను కొత్త. ఆ పోటీ ఆయన సైటే అనుకుని మా దగ్గరికొచ్చాడు. ఎప్పటిలాగే అంటే ఏమిటని అడగాలి కదా. అడిగితే మేం ఆ కొట్టువాళ్లం కాదని బయటపడుతుంది, ఆర్డరు పోతుంది. అడగలేదు. కాకినాడ కాజాలు, పూతరేకులు నింపి పంపించాను.

పెద్దాయనకి షుగరు. మూడేళ్లుగా ఆ పోటీ ఆయన డబ్బాలో తీపి అన్నది లేకుండా చెగోడీలు, కారప్పూస, వేయించిన జీడిపప్పు పెట్టి పంపిస్తున్నారట. మా డబ్బా వచ్చాక పెద్దాయన కోడలికి కనబడకుండా దాచుకుని రెండు రోజులు తిన్నారు. మూడో రోజు ఆస్పత్రి. దేవుడి దయ, కోలుకుని ఇంటికొచ్చారు. కొడుకు మాత్రం ఫోన్లో తిట్టింది నన్ను కాదు, ఆ పోటీ ఆయన్ని. అతని దగ్గరున్నది ఆయన నంబరే.

ఆయన మా ఆఫీసుకి వచ్చారు. గొడవకే వచ్చారనుకున్నా. సంచిలోంచి ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం తీసి నా బల్ల మీద తెరిచారు. ఏ ఇంట్లో కుక్క ఉంది, ఎవరికి షుగరు, ఎవరు ఉల్లి తినరు, ఎవరికి చెవుడు కాబట్టి తలుపు గట్టిగా కొట్టాలి, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నవి. "అడ్రసు ఎలాగూ పెట్టుకున్నారు, ఇది కూడా ఉంచుకోండి" అని లేచి వెళ్లిపోయారు. ఆ పుస్తకం పట్టుకుని మెట్ల మీద ఆయన వెనక పరిగెత్తాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. పేజీ ఆ సాయంత్రమే తీసేశాను.

కోర్టులే ఒప్పుకున్నాయి మామయ్యా అంటావు. తెలుసు. సామాన్లు తరలించే అగర్వాల్ ప్యాకర్స్ వాళ్ల గొడవలో 2023 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, పోటీవాడి ట్రేడ్‌మార్కుని యాడ్ కీవర్డ్‌గా, అంటే ఆ పేరు వెతికినవాళ్లకి మన యాడ్ కనిపించేలా, వాడినంత మాత్రాన తప్పు కాదంది. జనం పొరబడేలా ఉంటే మాత్రం తప్పేనంది. అంతకు ముందే 2004లో, మన సత్యం కంప్యూటర్స్ వాళ్లు పెట్టిన ఇంటర్నెట్ కంపెనీ సిఫీ కేసులో, వెబ్ అడ్రసుకీ ట్రేడ్‌మార్కులాంటి రక్షణే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. నా బెంగంతా ఆ పొరబడటం గురించే. 2010లో ఒక టెక్ వార్తల సైటు ఫేస్‌బుక్ లాగిన్ మీద రాసిన వ్యాసం గూగుల్‌లో పైకొస్తే, జనం అదే ఫేస్‌బుక్ అనుకుని లోపలికొచ్చి, కొత్త డిజైన్ బాగాలేదని తిట్టిపోశారు. అక్కడ మోసం చేసినవాళ్లే లేరు. అయినా పొరబడ్డారు. ఇక మనం కావాలని చేస్తే?

"గోంగూర పచ్చడి ఆన్‌లైన్" అని వెతికేవాడు బజారుకొచ్చినవాడు. గొంతెత్తి పిలువు, యాడ్ కూడా ఇవ్వు. పూర్తి అడ్రసు కొట్టినవాడు ఒకరింటికి బయల్దేరినవాడు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని వాణ్ణి మన కొట్టుకి లాక్కొస్తావా? అదీ నలభై ఇళ్ల అరుగుల మీద! తోచిందా నీకు అసలు?

సరే, కోప్పడను. పోల్చి రాయాలనుంటే రాయి. వాళ్లది వేరుశనగ నూనె, మాది నువ్వుల నూనె అని నిజం చెప్పు, మొదటి లైన్లోనే నీ కొట్టు పేరు పెట్టు. ఆ కుర్రాణ్ణి తిట్టకు, వాడి వయసులో నేనూ అంతే. దొంగచాటు అక్షరాలు, అడ్రసుల పేజీలు గూగుల్ లెక్కలో స్పామ్ అని, దొరికితే సైటు మొత్తం కిందకి పోవచ్చని చెప్పు, వాడికి ఆ భాషే ఎక్కుతుంది. వాడి చేతికి ఒక రూళ్ల పుస్తకం కూడా కొనివ్వు.

తెరిచిన రోజు నాకో అరకిలో మాగాయ పంపు. డబ్బు కడతాను, మేనమామనని ఊరికే ఇచ్చావంటే ఊరుకోను. ఉప్పు తగ్గించు, బీపీ వచ్చింది. మీ అత్తయ్యకి ఈ ఆర్డరు సంగతి చెప్పకు.

మీ మామయ్య