ఒక్క వాక్యంలో దాటేసిన చోటు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన మూడు కథలు అందాయి. మూడూ చదివాను. పోటీలకు పంపినప్పుడల్లా ప్రోత్సాహక బహుమతే వస్తోందనీ, మొదటి బహుమతి కథను పక్కన పెట్టుకుని చదివినా తేడా ఎక్కడుందో అంతుపట్టడం లేదనీ రాశావు. నీ కథలో తప్పేమిటో చెప్పమన్నావు. తప్పేమీ లేదమ్మా. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు బహుమతుల సంగతి తేల్చేస్తాను, న్యాయనిర్ణేత కుర్చీలో చాలాసార్లు కూర్చున్నవాణ్ణి కనుక. పోటీకి వచ్చిన కథల్లో సగానికి పైగా మొదటి రెండు పేజీల్లోనే పక్కకు పోతాయి. మిగిలిన గుట్టలో ఉన్నవన్నీ బాగున్న కథలే. భాష శుభ్రంగా ఉంటుంది, ఎత్తుగడ కుదురుతుంది, కొసమెరుపు పడాల్సిన చోట పడుతుంది. అప్పుడు ముగ్గురు న్యాయనిర్ణేతలు పదేసి మార్కులకు దిద్దుతారు. ముగ్గురూ 7 వేసిన కథకు 21 వస్తాయి. ఒకరు మనసు పారేసుకుని 10 వేసి, మిగతా ఇద్దరూ మొహం చిట్లించి 5, 4 వేసిన కథకు 19. బహుమతి దేనికి వెళుతుందో నువ్వే చూసుకో. ఎవరికీ అభ్యంతరం లేని కథ గెలుస్తుంది. కాబట్టి మొదటి బహుమతి కథకూ నీ కథకూ తేడా కనిపించలేదంటే నీ చూపును అనుమానించకు. బహుశా తేడా లేదు. నువ్వు వెతకాల్సిన తేడా ఆ గుట్టలో దొరికేది కాదు.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు (కారా) మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం, తెలుగు కథల గ్రంథాలయం, ఉంది. వీలు చేసుకుని వెళ్ళు. అక్కడికి చాలామంది పేరున్న కథల కోసం వెళతారు. నువ్వు మాత్రం పాత వారపత్రికలు తీయించుకుని, ఇప్పుడెవరూ తలచుకోని రచయితల కథలు వరుసపెట్టి చదువు. చెత్తగా ఉంటాయనుకుంటావేమో, ఉండవు. చాలావరకు చక్కటి కథలే. హాయిగా చదివిస్తాయి, సంచిక మూయగానే మరపున పడతాయి. ఎందుకలా అవుతుందో పట్టుకోవడమే నీ పని. గొప్ప కథ చదువుతూ మైమరచిపోతాం, దాని పనితనం మన కంటికి ఆనదు. బాగున్న కథ దగ్గరైతే ఏది లేదో తెలుస్తుంది. నాకు తెలిసింది ఇది: ఆ రచయితకు మొదలుపెట్టక ముందే అంతా తెలుసు. ఎవరి పక్షాన నిలవాలో తెలుసు, పాఠకుడి కంట నీరు ఏ పేరాలో తిరగాలో తెలుసు. రాస్తుండగా అతనికి కొత్తగా తెలిసినది ఒక్కటీ లేదు. (నా కథల్లో ఎక్కువ భాగం ఆ కోవలోవే. అందుకు నాకు చింత లేదు. పత్రికలు వారంవారం రావాలి, వాటికి కథలు కావాలి, ఎవరో ఒకరు రాయాలి.)

ఇక నీ మొదటి కథ. కొడుకు అమెరికాలో, తల్లి తెనాలిలో ఒంటరిగా. చివరికి తల్లి పోతుంది, కొడుకు కర్మకాండ ఫోనులో చూస్తాడు. ఇటువంటివి తెలుగులో కొల్లలుగా వచ్చాయని నీకూ తెలుసు. దానివల్ల నష్టమేమీ లేదు, వస్తువు పాతదైనంత మాత్రాన కథ పాతబడిపోదు. నేను ఆగినది నాలుగో పేజీ దగ్గర. పాల ప్యాకెట్టు తీసుకోవడానికి బయటికి వచ్చిన తల్లి పక్కింటావిడతో "మావాడు పొద్దున్నే ఫోను చేశాడు" అంటుంది. అతను చేయలేదు. ఆ అబద్ధాన్ని ఒక్క వాక్యంలో దాటేసి కొడుకు నిర్లక్ష్యం మీదికి వెళ్ళిపోయావు.

ఆవిడ ఎందుకు అబద్ధమాడింది? కొడుకు పరువు కోసమా, తన పరువు కోసమా? పక్కింటావిడ కొడుకు అదే వీధిలో ఉంటూ తల్లి గడప తొక్కడేమో, ఆ సంగతి ఎరిగే ఈవిడ ఆ మాట అన్నదేమో. అలాగైతే ఆ మాటలో ప్రేమతో పాటు కాస్త విషం కూడా ఉంది. అబద్ధమాడిన ఆ మనిషికి పట్టుదల ఉంది, లౌక్యం ఉంది, కించిత్తు దుర్మార్గం కూడా ఉందేమో. నీ మిగతా కథలో ఉన్న తల్లికి ఇవేవీ లేవు, ఆమె ఎదురుచూస్తుంది, అంతే. నాలుగో పేజీ మనిషిని ఇంకాసేపు ఉండనిస్తే నీ ముగింపు నిలవదు. ఆ సంగతి నీకు లోపల తెలుసు, అందుకే తొందరగా దాటావు. ముగింపు కోసం మనిషిని వదులుకున్నావు.

గురజాడ పేరెత్తితే అంత పెద్దవారితో పోలికా అని బెదిరిపోకు. నాకు కావలసింది ఆయన కీర్తి కాదు, ఆయన చేసిన ఒక పని. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడినప్పుడే మెప్పు పొందింది. 1897లో పుస్తకమైంది. దానికొక ప్రయోజనం ఉంది, ఆ ప్రయోజనం నెరవేర్చే శక్తీ ఉంది. అంతటితో ఆగినా ఆయనను ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఆగలేదు. మనం ఈనాడు చదువుతున్నది 1909లో వచ్చిన రెండో కూర్పు, అది దాదాపు వేరే నాటకం. మొదటి కూర్పులోనూ వేశ్య మధురవాణి ఉంది, కానీ ఓ పక్కన ఉంది. రెండోదానిలో ఆమె లేకపోతే కథ కదలదు. వేశ్యలంటే గిట్టని సౌజన్యారావు పంతులు ఎదుటికే మారువేషంలో వెళ్ళి, ఆయన మంచితనాన్ని కూడా పరీక్షకు పెడుతుంది. సంస్కరణ కోసం తలపెట్టిన నాటకంలో సంస్కర్తనే ఇరుకున పెట్టే మనిషి తయారైంది చూడు! మూలన ఉన్న ఆమెను ముందుకు రానివ్వడానికి ఆయన జనం మెచ్చిన నాటకాన్ని విప్పుకున్నారు. మొదటి కూర్పును పరిశోధకుడు బంగోరె 1969లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. కథ రాయడం ఎలాగో చెప్పే పుస్తకాల మీద పెట్టే డబ్బు మిగులుతుంది.

కారా మాస్టారు కూడా 1950ల మధ్యలో, అప్పటికే కథకుడిగా పేరుండగానే, కొన్నేళ్ళు రాయడం ఆపేశారు. మళ్ళీ కలం పట్టాక వచ్చింది 'యజ్ఞం'. ఆపితే చాలు గొప్ప కథ పుడుతుందని నేననడం లేదు. ఆపేసి మరి రాయనివాళ్ళు నాకు చాలామంది తెలుసు.

తిరగరాయడమంటే విశేషణాలు మార్చడం, వాక్యాలు నునుపు చేయడం అనుకునేవు. నీ వాక్యాలు ఇప్పటికే అవసరానికి మించి నున్నగా ఉన్నాయి. ఆ అబద్ధం దగ్గర మొదలుపెట్టి, తల్లి ఏం చేస్తుందో తెలియకుండా రాయాలి. ఒక సంగతి ముందే చెప్పి ఉంచుతాను: రెండోసారి రాసినది మొదటిదానికంటే అధ్వాన్నంగా ఉంటుంది. ఎక్కడో సాగుతుంది, ఎక్కడో తెగుతుంది. స్నేహితులకు చూపిస్తే పాతదే బాగుందంటారు, నిజమే చెబుతారు కూడా. చాలామంది అక్కడే వెనక్కి తిరిగి పాతదాన్నే అచ్చుకు పంపేస్తారు. మూడోసారి రాయడానికి ఓపిక ఉంటే రాయి, లేకపోతే వేరే కథ చూసుకో. ప్రతి కథతోనూ ఈ కుస్తీ పట్టనక్కర్లేదు. నీ మూడో కథ ఉంది, రైలు పెట్టెలో జరిగేది, దాన్ని ముట్టుకోకు. అది చిన్న కథ, ఎంత ఉండాలో అంతే ఉంది.

ఉగాది పోటీకి గడువు దగ్గరపడుతోందన్నావు. ఆ రైలు కథను పంపించు, ఏదో ఒక బహుమతి వస్తుంది. తల్లి కథను మాత్రం పంపకు. పక్కింటావిడకు నువ్వు పేరైనా పెట్టలేదు. ఆ మాట విని ఆవిడ ఏమందో కూడా రాయలేదు. ముందు అది రాసి, అంతవరకే నాకు పంపించు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు