పది నెలల కాంట్రాక్టు చూసుకుని ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, వచ్చే మార్చికి 26 నిండుతాయి. ఫుట్‌బాల్ స్ట్రైకర్. కాలేజీ అయ్యాక ఫిన్లాండ్ కింది డివిజన్‌లో రెండు సీజన్లు, మాల్టాలో ఒకటి ఆడాడు. ఇప్పుడు థాయ్‌లాండ్ క్లబ్ ఒకటి పది నెలలకి పిలుస్తోంది. పన్నులు పోను నెలకి 4,500 డాలర్లు, ఉండటానికి ఇల్లు. వాడి దగ్గర 31,000 డాలర్లు ఉన్నాయి. దానికి మేం కొంత కలిపి, 80 లక్షల లోన్ తీసుకుని హైదరాబాద్ దగ్గర కొల్లూరు వైపు ఫ్లాట్ కొందామని, నెలనెలా ఇండియా మ్యూచువల్ ఫండ్స్‌లో సిప్ కూడా వేయిద్దామని అనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: ఫ్లాట్ ఇప్పుడు వద్దండి. 80 లక్షలకి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లంటే నెలకి 69,400 రూపాయల పైన, మొత్తం 240 వాయిదాలు, మీ అబ్బాయి చేతిలో ఉన్నది మాత్రం పది నెలల కాగితం. బ్యాంకు బహుశా మిమ్మల్ని కో-అప్లికెంట్‌గా పెట్టమంటుంది. జీతం ఆగిన నెల ఈఎంఐ కట్టేది మీరే, అది కూడా మీ రిటైర్మెంట్ డబ్బులోంచి.

స్ట్రైకర్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. విదేశీ ఆటగాళ్ల కోటా తక్కువ, వరసగా ఆరేడు మ్యాచ్‌లు గోల్ పడకపోతే తర్వాతి ట్రాన్స్‌ఫర్ విండోలో (క్లబ్బులు ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకునే గడువులో) ఆ చోటుకి ఇంకొకర్ని తెచ్చుకుంటారు, విండో మూసేశాక మనవాణ్ణి వదిలేస్తే ఇంకో క్లబ్‌లో రిజిస్టర్ కావడానికి నెలల తరబడి కూర్చోవాలి. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021–22లో 18 గోల్స్ కొట్టినప్పుడు నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచేకి 37 ఏళ్లు. ఫ్రాన్స్, యూఏఈ, స్పెయిన్, గ్రీస్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్ అన్నీ తిరిగొచ్చిన మనిషి. ఆయన్ని చూస్తే నాకూ సంతోషమే, కానీ అందరి కాళ్లూ అన్నేళ్లు నిలవవు, మన లెక్క 32 ఏళ్ల దగ్గర ఆపుకుని వేసుకుందాం.

కాబట్టి వచ్చే 45,000 డాలర్లని పది నెలల జీతం అనుకోకుండా పదహారు నెలలకి పరచమనండి. నెలకి 2,800 అవుతుంది. జీతం ఒక ఖాతాలో పడాలి, అందులోంచి ఒకటో తారీఖున 2,800 మాత్రమే వాడుకునే ఖాతాలోకి రావాలి. గోల్ బోనస్‌ని ఈ లెక్కలోకి తేవద్దు. ఉన్న 31,000లో 20,000 మంచి వడ్డీ ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో ముట్టుకోకుండా ఉంచండి. ఎందుకింత అంటారా? 2016లో ఆటగాళ్ల అంతర్జాతీయ సంఘం ఫిఫ్‌ప్రో 54 దేశాల్లో దాదాపు 14,000 మంది ఆటగాళ్లని అడిగితే, గడిచిన రెండు సీజన్లలో జీతం ఆలస్యమైందన్నవాళ్లు 41 శాతం.

సంతకం పెట్టే ముందు జీతం మొత్తం ఒకే కాంట్రాక్టులో ఉందా, గాయమైతే జీతం నడుస్తుందా, మధ్యలో తీసేస్తే ఎంతిస్తారు అన్నవి చూడండి. కొంత జీతం వేరే కాగితం మీద రాస్తామంటే ఒప్పుకోవద్దు. రెండు నెలల జీతం బాకీపడితే, 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసిచ్చి, అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు ఫిఫా నిబంధనల్లో ఉంది. ఫిఫాకి ఫిర్యాదు చేయడానికి రెండేళ్లే గడువు. పరదేశంలో ఒక్కడే ఉన్న కుర్రాడు మొహమాటానికి పోయి 'వచ్చే నెల ఇస్తారట నాన్నా' అంటూ ఆరు నెలలు లాగేస్తాడు, మీరే వెంటపడి నోటీసు ఇప్పించాలి.

ఇక పన్నులు. అమెరికా పౌరుడు కాబట్టి ఎక్కడ సంపాదించినా అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి రిటర్న్ వేయాలి, విదేశీ ఖాతాల్లో మొత్తం కలిపి 10,000 డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ రిపోర్టు కూడా. విదేశీ ఆదాయ మినహాయింపు తీసుకుందామంటే 12 నెలల్లో 330 రోజులు బయటి దేశాల్లోనే ఉండాలి, సీజన్ అయ్యాక రెండు నెలలు ఫ్రిస్కోలో అమ్మ దగ్గర ఉంటే లెక్క తప్పే ప్రమాదం ఉంది. పైగా ఆదాయమంతా మినహాయింపులో పోతే ఐఆర్ఏలో, అంటే అమెరికా రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, డబ్బు వేసే వీలుండదు. థాయ్‌లాండ్‌లో క్లబ్ కట్టిన పన్నుకి సర్టిఫికెట్ తీసుకుని ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ (అక్కడ కట్టిన పన్నుని అమెరికా పన్నులోంచి తగ్గించుకోవడం) దారిలో వెళ్తే ఎలా ఉంటుందో మీ సీపీఏతో, అంటే పన్నుల అకౌంటెంట్‌తో, లెక్క వేయించండి. నా అంచనాలో అదే మేలు, అప్పుడు ఆ ఏడాది పరిమితి మేరకు (2025లో అది 7,000 డాలర్లు) రాత్ రకం ఐఆర్ఏలో ఇండెక్స్ ఫండ్‌కి డబ్బు పోతుంది. విదేశీ క్లబ్ జీతం సోషల్ సెక్యూరిటీలో జమ కాదు కాబట్టి ఇది చాలా అవసరం.

ఇండియా మ్యూచువల్ ఫండ్స్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అమెరికా పౌరుడికి అవి పీఎఫ్‌ఐసీ (పన్ను నియమాలు కఠినంగా ఉండే విదేశీ పెట్టుబడి సంస్థలు) కింద పడతాయి, ఒక్కో ఫండ్‌కి ఫారం 8621 వేయాలి, లాభం మీద పన్ను భారంగా ఉంటుంది, సీపీఏ ఫీజు అదనం.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ: 26 నిండితే మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లోంచి అబ్బాయి పేరు పోతుంది. క్లబ్ ఇచ్చే కవరేజీ థాయ్‌లాండ్ వరకేనా, ఆట బయట జరిగిన గాయాలకి కూడా వర్తిస్తుందా అని మార్చిలోపే రాతపూర్వకంగా అడిగించండి.