పచ్చడికి బూజు పడితే మొక్కు తప్పినట్టా?

ప్రశ్న: పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. నిరుడు ఉద్యోగం పోయింది. మా ఆవిడా నేనూ కలిసి అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కందిపొడి, కరివేపాకు కారం, నిమ్మకాయ పచ్చడి అమ్మడం మొదలుపెట్టాం. నెలకు ఇరవై కిలోలు పోతే చాలనుకున్నాం, ఇప్పుడు 240 కిలోలు పోతున్నాయి. సగటున కిలో 500 రూపాయలు. సరుకులకు 230, గ్యాసుకీ ప్యాకెట్లకీ డెలివరీకీ 70 అవుతోంది. నేను గుడి మెట్లెక్కిన మనిషిని కాదు. ఖాళీగా ఉన్న రోజుల్లో ఊరికే కాడు మల్లేశ్వరుడి గుడికి వెళ్లి కూర్చునేవాణ్ణి, అదే అలవాటై నమ్మకం కుదిరింది. అమ్మకాల్లో పదో వంతు స్వామికని మొక్కుకున్నాను. ఇప్పుడు రాహుకాలం దాటితే గానీ పొయ్యి వెలిగించం. జూలైలో మొక్కు డబ్బు తియ్యలేకపోయాను. అదే నెల 12 కిలోల నిమ్మకాయ పచ్చడికి బూజు పట్టింది. స్వామికి కోపం వచ్చిందా? షాపు తీసుకుందామనుకుంటున్నాం, అద్దె 25,000. తీసుకోవచ్చా?
— ఆర్.వి., మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: ముందు బూజు సంగతి. మీ ఉత్తరంలో అసలు కారణం ‘జూలై’ అన్న మాటలోనే ఉంది. ఆ నెలలో బెంగళూరులో మబ్బు, తుంపర తప్ప ఎండ సరిగా కాయదు. నిమ్మకాయకు ఎండ చాలకపోతే ముక్కలో తడి మిగిలిపోతుంది. దానికి గాలి తగిలితే బూజుకు ఇంకేం కావాలి?

కాయలు కడిగాక బట్టతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వండి. కిలో కాయలకు కల్లుప్పు 200 గ్రాములకు తగ్గనివ్వకండి. ఉప్పు తక్కువ వెయ్యమని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకోసం చేసేది వేరే చిన్న సీసాల్లో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాలని లేబుల్ మీద రాయండి. అదీ ఇదీ ఒకే జాడీలోంచి తీస్తే రెండూ చెడతాయి. మూడు రోజులు ఊరాక ముక్కల్ని పిండి వేరే పళ్లెంలో, రసం వేరే గిన్నెలో ఎండబెట్టాలి. ఎండ లేని నెలల్లో కరెంటు డ్రయ్యరు వాడుకోవచ్చు. 60 డిగ్రీల మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు, మధ్యలో ఒకసారి ముక్కలు తిరగెయ్యాలి. తర్వాత రసంలో కలిపినప్పుడు ముక్క పూర్తిగా మునగాలి. పైకి తేలిన ముక్కకే ముందు బూజు పడుతుంది.

ఇంకో మూడు చోట్ల తడి దొంగచాటుగా చేరుతుంది. పోపు వేడిగా ఉండగానే కలిపి మూత బిగిస్తే, ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా కిందికి దిగుతుంది. కడిగిన గాజు సీసా పైకి ఆరినట్టే ఉంటుంది, అడుగున చెమ్మ ఉంటుంది. మూత తీసేసి ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచి, చల్లారాక నింపండి. మూడోది గరిటె. దీని గురించి మీ ఆవిడకు మేం చెప్పక్కర్లేదు, మీరే నేర్చుకోవాలి. పైన బూజు తీసేసి కింది పచ్చడి అమ్మే ఆలోచన మాత్రం వద్దు, మొత్తం పారబొయ్యాల్సిందే.

టెస్టింగ్‌లో తప్పు దొరికితే అది ఏ బిల్డులో, అంటే సాఫ్ట్‌వేర్ ఏ కూర్పులో, మొదలైందో వెతుకుతారు కదా! ఇక్కడా ప్రతి వాయికీ ఒక నంబరు వెయ్యండి. కాయలు ఎక్కడ కొన్నారు, ఎన్ని గంటల ఎండ తగిలింది, ఏ రోజు సీసాకెత్తారు, ఇవన్నీ పుస్తకంలో రాయండి. కోపాన్ని స్వామికి అంటగడితే వచ్చే జూలైలోనూ బూజు పడుతుంది.

ఇక మొక్కు. నెలకు అమ్మకం 1,20,000. కిలోకు 300 చొప్పున ఖర్చు 72,000. మిగిలేది 48,000. మీరు మొక్కుకున్న పదో వంతు అమ్మకం మీద కాబట్టి 12,000 అవుతుంది. అంటే మిగిలినదాంట్లో సరిగ్గా పావు వంతు. అందుకే జూలైలో చేతిలో డబ్బు ఆడలేదు. పైగా గుంటూరు కొత్త మిర్చి ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య వస్తుంది. ఏడాదికి సరిపడా అప్పుడే కొనిపెట్టుకోవాలి. ఆ డబ్బు మొక్కులోకి పోతే తర్వాత రంగు తగ్గిన కాయ ఎక్కువ ధరకు కొనాల్సి వస్తుంది.

సంపాదనను ఐదు భాగాలు చెయ్యమని భాగవతం అష్టమ స్కంధంలో ఉంది. ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదనకు, సుఖానికి, తనవాళ్లకు తలా ఒకటి. బలి చక్రవర్తి వామనుడికి దానమిస్తుంటే అడ్డుపడిన శుక్రాచార్యుడు చెప్పిన మాట అది. ఆయన ఎందుకు చెప్పినా, వ్యాపారి పెట్టుబడిని దేవుడి డబ్బాలో వెయ్యకూడదన్న లెక్క మాత్రం అందులో ఉంది. మీరు పదో వంతే ఇవ్వండి, కానీ మిగిలినదాంట్లోంచి. అది 4,800. వేరే బ్యాంకు ఖాతాలో వేసుకోండి. బాకీపడ్డ జూలై మొక్కుకు పసుపు బట్టలో రూపాయి ముడుపు కట్టి దేవుడి దగ్గర పెట్టండి. వీలైనప్పుడు తీర్చుకోవచ్చు. రాహుకాలం కొత్త పని మొదలుపెట్టడానికే చూస్తారు, రోజూ వెలిగే పొయ్యికి కాదు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా కాసే ఎండను దానికోసం పోగొట్టుకోకండి.

షాపు ఇప్పుడు వద్దు. 48,000లో అద్దె 25,000, మొక్కు 4,800 పోతే మీ ఇద్దరి కష్టానికి మిగిలేది 18,200. పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం బెంగళూరులో మామూలే, అంటే రెండున్నర లక్షలు కదలకుండా పడి ఉంటాయి. ఆ డబ్బులో కొంత పెట్టి డ్రయ్యరు, పెద్ద గ్రైండరు కొనుక్కోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఇంకా తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి, ఇంట్లో చేసి అమ్మినా అది తప్పదు. హైదరాబాద్‌కో చెన్నైకో పంపడం మొదలుపెడితే అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

ప్రశ్న: టీచరు ఉద్యోగం మానేసి మగ్గం వర్క్ బ్లౌజులు చేయిస్తున్నాను. ఊహించనంతగా ఆర్డర్లు వస్తున్నాయి. శుక్రవారం లక్ష్మి ఇల్లు దాటకూడదని ఆ రోజు ఎవరికీ డబ్బు ఇవ్వను. పనివాళ్లకు వారం కూలి శనివారం ఇస్తానంటే గొణుగుతున్నారు.
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మీ దగ్గర పనిచేసేవాళ్లు శుక్రవారం సాయంత్రం ఊరికి డబ్బు పంపుకోవాలనుకుంటారు. మీ పట్టింపు మీది, వాళ్ల అవసరం వాళ్లది. వారం లెక్కను బుధవారంతో ముగించి, గురువారం చీకటి పడకముందే కూలి చేతికిచ్చెయ్యండి.