డ్రైన్ ఏడవదమ్మా

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకొచ్చి పక్కన పడేశాను. చుండూరు హత్యల గురించి రాస్తూ తుంగభద్ర డ్రైన్ అనే అక్కడి కాలువ చేత కథ చెప్పించావు, అదేమో "నా కడుపులో ఎనిమిది మంది బిడ్డలు" అంటూ నాలుగు పేజీలు ఏడ్చింది. డ్రైన్ ఏడవదమ్మా. 1991 ఆగస్టు 6న దళితుల్ని నరికి, గోనెసంచుల్లో కుక్కి అందులో పడేస్తే, అది రోజూ పారినట్టే పారింది. నాకు భయం వేసేది అక్కడే.

ఈ జబ్బు నాకూ ఉండేది, అందుకే ఇంత కోపం. 1985లో మాదిగల్ని చంపిన కారంచేడు మీద నేను రాసిన మొదటి కథని ఒక వేపచెట్టు చెప్పింది. ఓ వారపత్రిక ఎడిటర్ గారు తెగ మెచ్చుకుని వేశారు, కులాల పేర్లు మాత్రం ఒక్కటి మిగల్చకుండా కొట్టేసి. చెట్టు మాట్లాడితే ఆయనకి ఏ ఇబ్బందీ లేదు, ఆ చెట్టు మాదిగ అన్న మాట అంటేనే టెన్షన్. అప్పట్నుంచి కథలో చెట్టో రాయో నోరు విప్పిందంటే, దాని వెనక ఎవరో నక్కి కూర్చున్నారనే నా అనుమానం. ఇప్పుడు పోటీలకొచ్చే కథల్లో సగం ఇవే, ప్రయోగం అని ప్రైజులు కూడా ఇస్తున్నారు. పోనీలే.

రెండోసారి చదివినప్పుడు ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను. నీ కథలో ఆమె బియ్యం కొట్టుకి వెళ్తుంది, కొట్టతను బస్తా మూతి కుట్టడానికి దబ్బనం తీస్తాడు, ఆమె ఇచ్చిన డబ్బులు కూడా అడక్కుండా ఇంటికొచ్చేస్తుంది. ఎందుకో నువ్వు చెప్పలేదు. నీ కథ అదే. డ్రైన్‌ని తీసెయ్.

అలాగని వరసగా, బుద్ధిగా రాయమనడం లేదు. ఆ కేసు మాత్రం వరసగా నడిచిందా? హత్యలు 1991లో. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది 2007లో. హైకోర్టు అందరినీ వదిలేసింది 2014లో. అన్నేళ్లకి బోనెక్కిన మనిషిని ఎన్ని గంటలకి చూశావు, ఎంత దూరం నుంచి చూశావు, ఎండగా ఉందా మబ్బుగా ఉందా అని అడుగుతూ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించు. కథంతా ఆ ప్రశ్నలే రాసి చూడు, జవాబులు ఒక్కటీ రాయకు. మధ్యలో దబ్బనం ఒక్కసారి వస్తే చాలు.

పేర్లు మార్చాలా, సంపుటి ఎవరు వేస్తారు అని అడిగావు. ఎవరు వేస్తారో తెలిస్తే నా మూడో సంపుటి అటక మీద ఉండేది కాదు.

తిరగరాశాక పంపు. ఆ కొట్టతను ఆమె డబ్బులు ఏం చేశాడో కూడా రాయి, రాత్రి నిద్ర పట్టక అదే ఆలోచిస్తూ కూర్చున్నాను.