అమ్మ రొమ్ము గడ్డ బయాప్సీ రిపోర్టులో ‘డెస్మోప్లాస్టిక్ స్ట్రోమా’ అని రాశారు. క్యాన్సర్ పాకినట్టా?

కాదండి, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పాకిందో లేదో చంకలోని లింఫ్ గ్రంథుల పరీక్ష, స్కానింగులు చెబుతాయి. ఈ మాట అది చెప్పదు.

నేను డాక్టర్ని కాదు. గుంటూరులో పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఫార్మాలిన్ అనే, ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో వచ్చిన ముక్కని మైనంలో దిమ్మ కట్టి, పలచటి పొరలు కోసి, రంగు వేసి స్లైడు చేయడం నా పని. మూడేళ్ల కిందట మా అక్క ముక్క కూడా మా ల్యాబుకే వచ్చింది. దాన్ని నేను కోయలేకపోయాను, పక్క టేబుల్ ఆవిడకి ఇచ్చేశాను. రిపోర్టులో మీ అమ్మగారికి రాసిన మాటే ఉంది.

పనసకాయ తలుచుకోండి. తొనలు పాలగ్రంథులైతే, వాటి చుట్టూ ఉండే పీచు లాంటిది స్ట్రోమా. రొమ్ములో కొవ్వు, కొల్లాజెన్ పీచు, రక్తనాళాలు, ఆ పీచును నేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు అన్నీ అందులోవే. క్యాన్సర్ కణాలు పాలనాళం గోడ దాటి అక్కడికి దిగితే, ఒళ్లు దాన్ని గాయం అనుకుంటుంది. ఫైబ్రోబ్లాస్టులు పీచు నేయడం మొదలుపెడతాయి. మామూలు గాయమైతే మానాక ఆగుతాయి, ఇక్కడ ఆగవు. 1986లో హెరాల్డ్ డ్వోరాక్ అనే పాథాలజిస్టు కణితులను ‘మానని గాయాలు’ అన్నది ఇందుకే. అలా పేరుకున్న పీచునే డెస్మోప్లాస్టిక్ అంటారు. రొమ్ము క్యాన్సర్‌లో ఇది తరచుగా కనిపించేదే.

గడ్డ గట్టిగా తగలడానికి పెద్ద కారణం ఈ పీచే. ముక్క కోసేటప్పుడు పచ్చి జామకాయ కోసినట్టు కరకరమంటుంది. మా అక్కకి నొప్పి లేదు, చర్మం మాత్రం ఒకచోట సొట్ట పడింది. లోపలి పీచు బిగుసుకుని చర్మాన్ని లాగడం వల్ల అలా అవుతుంది. నొప్పి లేదు కదా అని నాలుగు నెలలు ఊరుకుంది. నాకు చెప్పనూ లేదు, ఇంట్లో ల్యాబు మనిషి ఉండి కూడా!

మరి ఈ పీచు మంచిదా చెడ్డదా అంటే, రెండు వైపులా పనిచేస్తుంది. దారి తప్పిన ఫైబ్రోబ్లాస్టులు క్యాన్సర్ కణాలకి పెరుగుదల సంకేతాలు అందిస్తాయి. గట్టిపడిన కొల్లాజెన్‌ని ఆ కణాలు ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్లతో పసిగట్టి ఇంకా రెచ్చిపోతాయి. అమెరికాలో మినా బిస్సెల్ అనే శాస్త్రవేత్త బృందం 1997లో ఒక పని చేసింది. జెల్‌లో పెంచుతున్న రొమ్ము క్యాన్సర్ కణాల మీద బీటా-1 ఇంటెగ్రిన్‌ని యాంటీబాడీతో అడ్డుకుంటే, అవి బుద్ధిగా మామూలు కణాల్లా గుండ్రంగా అమరిపోయాయి. జన్యువుల్లో లోపం అలాగే ఉంది, నడవడి మారింది. నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. అయితే అది ల్యాబులో జరిగింది, దాన్ని చూపించి మందు అమ్మేవాళ్లని నమ్మకండి.

ఇదే స్ట్రోమాలోకి మన రోగనిరోధక కణాలూ వచ్చి చేరతాయి. ట్రిపుల్ నెగెటివ్ రకంలో, అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే ప్రొటీన్లు లేని, హెర్-2 ప్రొటీన్ ఎక్కువగా లేని రకంలో, లింఫోసైట్లు అనే ఆ రోగనిరోధక కణాలు ఎక్కువ కనిపిస్తే మంచి సూచనగానే తీసుకుంటారు.

మా అక్క ఇప్పుడు రోజూ లెట్రోజోల్ వేసుకుంటోంది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగే రకం క్యాన్సర్‌కి ఇచ్చే మాత్ర అది. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ ఎక్కువగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది, రొమ్ములో కూడా. ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుంది. కీళ్ల నొప్పులని సణుగుతూనే మింగుతోంది.

మీ అమ్మగారి రిపోర్టులో అసలు చూడాల్సినవి గ్రేడ్ (కణాలు మామూలు వాటికి ఎంత భిన్నంగా ఉన్నాయో), ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లను అందుకునే ప్రొటీన్లు), హెర్-2. ఇవి ఇంకా రాకపోతే అడగండి. వేరే చోట చూపించాలనుకుంటే ఉత్త కాగితం పట్టుకెళ్లకండి, ల్యాబు నుంచి మైనపు బ్లాకులు, స్లైడ్లు తీసుకెళ్లండి. అక్కడి పాథాలజిస్టు కొత్తగా చూడడానికి అవే కావాలి. బ్లాకుల్ని ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కరుగుతుంది.