బ్యాక్టీరియా మాటలు ఆపేస్తే జబ్బు తగ్గుతుందా?

మీరడిగినవి రెండు ప్రశ్నలు. బ్యాక్టీరియా నిజంగానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా అన్నది ఒకటి, ఆ మాటల్ని అడ్డుకుంటే యాంటీబయాటిక్స్ లేకుండానే జబ్బు తగ్గిపోతుందా అన్నది రెండోది. మొదటిదానికి అవుననే చెప్తాను. రెండోది మాత్రం ఏ బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టి ఉంటుంది, కొన్నింటిలో అడ్డుకుంటే పరిస్థితి ఇంకా ముదురుతుంది కూడా. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టులో ఆరు నెలలు దీంతోనే కుస్తీ పట్టాను, అందులో సగం నా తప్పులు సరిదిద్దుకోవడానికే పోయింది.

మాట్లాడుకోవడం అని ముద్దుకి అంటాం గానీ జరిగేది ఇది: ప్రతి కణం సిగ్నల్‌గా ఒక చిన్న రసాయనాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది. నాలుగు కణాలే ఉంటే అది ఎటో కొట్టుకుపోతుంది, అదే కోట్లలో ఒకచోట ఇరుక్కుని ఉంటే చుట్టూ పేరుకుని, ఒక మోతాదు దాటగానే ఆ సిగ్నల్‌ని అందుకునే రిసెప్టర్ ప్రోటీన్లకి అంటుకుని బోలెడన్ని జన్యువుల్ని ఒక్కసారిగా నడిపిస్తుంది. సముద్రంలో వెలుగునిచ్చే బ్యాక్టీరియా బాగా గుంపు కట్టాకే వెలగడం మొదలుపెడతాయని 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ చూపించారు. కోరం సెన్సింగ్ అన్న పేరు మాత్రం 1994లో వచ్చింది. మీటింగు మొదలుపెట్టాలంటే ఇంతమంది ఉండాలి అంటాం చూడండి, ఆ కోరమే ఇది.

రోగం తెచ్చే వాటికి ఇది ఎందుకంటే, పదిమంది కూడా లేనప్పుడు టాక్సిన్లు వదిలితే పని జరగదు సరికదా, మన రోగనిరోధక వ్యవస్థకి తామున్నామని చాటింపు వేసినట్టవుతుంది. సూడోమోనాస్ ఎరుజినోసా సంగతే చూడండి. గుంపు పెరిగేదాకా అణిగి ఉండి, తర్వాత కణజాలాన్ని కోసే ఎలాస్టేజ్, పయోసయానిన్ అనే నీలి ఆకుపచ్చ రంగు విషం, ఆఖరికి సైనైడ్ కూడా తయారుచేస్తుంది. దీనికి లాస్, ఆర్‌హెచ్‌ఎల్, పీక్యూఎస్ అని ఒకదానికొకటి ముడిపడిన మూడు వ్యవస్థలు ఉన్నాయి. రాత్రి ఇంక్యుబేటర్‌లో పెట్టిన ప్లేటు పొద్దున మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన గుప్పున వస్తుంది, బ్యాక్టీరియాని పెంచే అగార్ జెల్లీ అంతా పచ్చబడి ఉంటుంది. ఆ రంగు, ఆ వాసన రెండూ ఈ సిగ్నళ్ల చలవే.

స్టెఫైలోకాకస్ ఆరియస్‌ది ఇంకో పద్ధతి. దాని సిగ్నల్ ఒక చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రోటీన్ ముక్క, వ్యవస్థ పేరు ఏజీఆర్. తక్కువ సంఖ్యలో ఉన్నప్పుడు ఒంటికి అతుక్కునే ప్రోటీన్లు చేసుకుంటుంది, ఎక్కువయ్యాక వాటిని తగ్గించి ఆల్ఫా టాక్సిన్ లాంటివి వదులుతుంది. అంటే ముందు చోటు చూసుకుని, తర్వాత దాడికి దిగుతుందన్నమాట. దీంట్లో నాలుగు వర్గాలున్నాయి, చాలావరకు ఒక వర్గం సిగ్నల్ ఇంకో వర్గం నోరు నొక్కేస్తుంది!

ఇక కలరా బ్యాక్టీరియా పూర్తిగా తిరకాసు. కొద్దిమంది ఉన్నప్పుడే పేగులో అతుక్కుని టాక్సిన్ వదులుతాయి. గుంపు పెరిగాక హ్యాప్‌ఆర్ అనే ప్రోటీన్ వచ్చి టాక్సిన్‌నీ, బయోఫిల్మ్‌నీ (జిగట పొరలా అతుక్కుని పేరుకోవడాన్ని) ఆపించేస్తుంది. విరేచనాలతో బయటపడి ఇంకొకరిని చేరడమే దాని బతుకుతెరువు కాబట్టి అప్పుడు ఊడిరావడమే లాభం. ఇక్కడ సిగ్నల్‌ని అడ్డుకున్నారనుకోండి, కోరి టాక్సిన్ పెంచుకున్నట్టే.

ఇప్పుడు నా నిర్వాకం. క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం అని ఒకటుంది, మాట్లాడుకుంటున్నంతసేపూ ఊదా రంగు వేస్తుంది, మాట ఆగితే తెల్లగా పెరుగుతుంది. ఒక మొక్క ఆకుల రసం ఆల్కహాల్‌లో తీసి, కాగితం బిళ్లకి పట్టించి ఆ బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద పెట్టాను. మర్నాడు బిళ్ల చుట్టూ ఊదా రంగు లేని గుండ్రటి వలయం. ఎగిరి గంతేసి ఫొటోలు కూడా తీసుకున్నాను. మా మేడమ్ ప్లేటుని లైటుకేసి ఎత్తిపట్టి, "అవతలి గీతలు కనిపిస్తున్నాయా?" అని మాత్రం అడిగారు. కనిపిస్తున్నాయి, అద్దంలా. అక్కడ బ్యాక్టీరియా నోరు మూసుకోలేదు, చచ్చిపోయాయి. మాట ఆగి ప్రాణంతో ఉంటే ఆ వలయం పాలలా మసగ్గా ఉండాలి. తర్వాత ఉత్త ఆల్కహాల్ బిళ్ల పెట్టి చూస్తే దాని చుట్టూ కూడా అదే వలయం. పోల్చి చూడ్డానికి మొదటి రోజే వేయాల్సిన కంట్రోల్ అది, తొందరలో వేయలేదు. మూడు వారాల పని బుట్టదాఖలు. పీహెచ్ సంగతి కూడా అప్పుడే నేర్చుకున్నాను, ఈ రకం సిగ్నళ్లు క్షార ద్రావణంలో పెడితే వాటంతటవే విరిగిపోతాయి, మన రసం గొప్పదనం ఏమీ ఉండదు.

అలాగని మాటలు ఆపడం కట్టుకథేమీ కాదు. డెలీసియా పల్క్రా అనే, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు ఫ్యూరనోన్లనే రసాయనాలతో ఆ పని చేస్తుంది, కొన్ని బాసిల్లస్‌లు సిగ్నల్‌ని విరగ్గొట్టే లాక్టోనేజ్ ఎంజైమ్ చేసుకుంటాయి. చంపడం లేదు కాబట్టి నిరోధకత రాదని చాలామంది రాస్తారు, నాకది అంత తేలిగ్గా మింగుడుపడదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి తిష్ట వేసిన సూడోమోనాస్‌లో లాస్ సిగ్నల్‌ని వినడానికి కావాల్సిన లాస్‌ఆర్ జన్యువు పాడైనవి తరచుగా దొరుకుతాయి. సిగ్నల్ వినడం దానంతటదే మానేసినా అవి హాయిగానే బతుకుతున్నాయి. స్టెఫ్‌లో ఏజీఆర్ ఆగితే బయోఫిల్మ్ ఇంకా దట్టంగా పట్టే సందర్భాలున్నాయి. క్యాథెటర్ లాంటివి ఒంట్లో ఉన్న పేషెంటుకి అది మంచి వార్త కాదు.

కాబట్టి డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే అదే వాడాలి, దాని బదులు వేసుకునే మాటలాపే మందు ప్రస్తుతానికి వాడుకలో లేదు. ఏదైనా మొక్క రసం కోరం సెన్సింగ్‌ని ఆపిందని ఎవరైనా పేపరు చూపిస్తే, రంగు ఫొటోలు తర్వాత, ముందు గ్రోత్ కర్వ్, అంటే బ్యాక్టీరియా చావకుండా మామూలుగానే పెరిగాయని చూపే గ్రాఫు, ఎక్కడుందో అడగండి.