మంచు మీదకెక్కే ఓడ

ధ్రువ సముద్రాల్లో తిరిగే పరిశోధన ఓడల గురించి ఈసారి చాలామంది రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి సమాధానాలు ఇస్తున్నాను. ఉదాహరణ అవసరమైన ప్రతిచోటా జర్మనీ వాళ్ల పోలార్‌స్టెర్న్‌నే తీసుకున్నాను. 1982 నుంచి పనిచేస్తున్న ఆ ఓడ చేసినంత పని చేసిన ధ్రువ ఓడలు చాలా తక్కువ.

మీటరున్నర మందం ఉన్న మంచును కూడా కోసుకుంటూ పోతుందట కదా, ముక్కు దగ్గర బ్లేడు లాంటిది ఉంటుందా? (ఇంటర్ విద్యార్థి, కాకినాడ)

బ్లేడు ఏమీ ఉండదు. ముందుభాగం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఇంజన్లు వెనక నుంచి తోస్తుంటే ఓడ ముక్కు మంచు పైకి జారుతూ ఎక్కుతుంది, ఆ బరువుకి కింద ఉన్న మంచు వంగి విరుగుతుంది. బలపాన్ని రెండు చివర్లా పట్టుకుని నొక్కితే ఏమీ కాదు, అదే వంచి చూడండి, టక్కున విరిగిపోతుంది. మంచుదీ అదే తీరు. పోలార్‌స్టెర్న్ 118 మీటర్ల పొడవు, నాలుగు ఇంజన్లు కలిపి దాదాపు 20 వేల హార్స్‌పవర్, మీరన్న మీటరున్నర మంచులో గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగంతో ఆగకుండా వెళ్తుంది. అంతకంటే మందం ఎదురైతే వెనక్కి వచ్చి, ఊపందుకుని మళ్లీ ఢీకొట్టడమే. దాని కోసమే అడుగు రెండు పొరలుగా కట్టారు.

2019లో ఈ ఓడను కావాలనే మంచులో ఇరికించారని చదివాను. అంత రిస్క్ దేనికి? (గృహిణి, నిజామాబాద్)

నిజమే, కావాలనే. ఆర్కిటిక్ నడిమధ్యలో చలికాలం ఏం జరుగుతుందో కొలిచిన లెక్కలు అప్పటికి ప్రపంచం దగ్గర చాలా తక్కువ. మంచు ఎంత మేర పరుచుకుందో శాటిలైట్ చెబుతుంది గానీ, కింద ఉన్న సముద్రం నుంచి వేడి ఎంత పైకి వస్తోంది, మంచు మీద పడ్డ కొత్త మంచు ఆ వేడిని ఎంత ఆపుతోంది, ఇవి తెలియాలంటే మనుషులు అక్కడ ఉండి కొలవాలి. చలికాలంలో అక్కడిదాకా తోసుకుంటూ పోవడం మహా కష్టం కాబట్టి, మంచుతో పాటే కొట్టుకుపోయేలా ఓడను ముందే అప్పగించేశారు. నార్వే యాత్రికుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ అనే చెక్క ఓడతో ఇదే చేశాడు, ఆలోచన అక్కడిదే.

2019 సెప్టెంబర్ 20న నార్వే రేవు ట్రోమ్సోలో బయల్దేరిన పోలార్‌స్టెర్న్‌కి ఆరంభంలోనే పెద్ద చిక్కు వచ్చింది. ఆ ఏడు మంచు పల్చగా ఉండి, పరికరాలు పెట్టుకోవడానికి నమ్మకమైన మంచు పలక దొరకడమే కష్టమైంది. దొరికాక ఇంజన్లు తగ్గించి దానికి కట్టేశారు, చుట్టూ మంచు మీద చిన్న ఊరు వెలిసింది. అందులో ఒక టెంట్ గురించి చెప్పాలి. మంచుకు కన్నం వేసి, దాని మీద టెంట్ వేసి, లోపల హీటర్లు పెట్టారు. ఆ కన్నంలోంచి సెన్సార్లను నీళ్లలోకి దించుతారు. బయట మైనస్ 30 ఉన్నప్పుడు తడి సెన్సార్ పైకొచ్చిందంటే క్షణాల్లో గడ్డకట్టి పాడవుతుంది, అందుకే ఆ హీటర్లు. కన్నం కూడా ఊరుకుంటే మూసుకుపోతుంది, దాన్ని రోజూ తెరిచి ఉంచడమే ఒక డ్యూటీ. నెలల తరబడి చీకటి. పని చేసేవాళ్లు చేస్తుంటే పక్కన ఒకరు తుపాకీతో ధ్రువపు ఎలుగుబంట్ల కోసం కాపలా.

2020 ఫిబ్రవరి 24 నాటికి ఉత్తర ధ్రువానికి 156 కిలోమీటర్ల దగ్గరికి చేరింది, చలికాలంలో అంత ఉత్తరాన అంతకుముందు ఏ ఓడా లేదు. మీరన్న రిస్క్ కనపడింది సరిగ్గా అప్పుడే. మనుషుల్ని, సరుకుల్ని తెచ్చిన రష్యన్ ఐస్‌బ్రేకర్ (మంచును విరుచుకుంటూ పోయే ఓడ) కాపిటన్ ద్రానిత్సిన్ దట్టమైన మంచులో నానా అవస్థ పడి వచ్చేసరికి దాని ఇంధనమే అయిపోవచ్చింది, దానికి ఇంధనం ఇవ్వడానికి ఇంకో ఐస్‌బ్రేకర్‌ని పంపాల్సి వచ్చింది. ఆ తర్వాత కరోనా. విమానాల్లో మనుషుల్ని మార్చే దారి మూసుకుపోవడంతో పోలార్‌స్టెర్నే పలకను వదిలి నార్వే దీవులైన స్వాల్‌బార్డ్ దాకా వచ్చి, అక్కడ వేరే రెండు జర్మన్ ఓడల్లో వచ్చిన కొత్త బృందాన్ని ఎక్కించుకుని వెనక్కి వెళ్లింది. ఆగస్టు 19న ధ్రువం చేరినప్పుడు దారంతా కరిగిన నీటి మడుగులే. ఓడ సులువుగా వెళ్లిపోయింది, నన్నడిగితే ఆ ప్రయాణం మొత్తంలో భయపెట్టే సంగతి అదే.

ఇలాంటి ఓడలు మామూలు సముద్రంలో బాగా ఊగుతాయంటారు, నిజమా? (రిటైర్డ్ టీచర్, మచిలీపట్నం)

నిజమేనండీ. మామూలు ఓడల అడుగున పక్కలకు ఊగుడు తగ్గించే రెక్కల్లాంటి పట్టీలు ఉంటాయి. మంచులో అవి నిలవవు కాబట్టి ఐస్‌బ్రేకర్లకు సాధారణంగా పెట్టరు, అడుగు కూడా గుండ్రంగా ఉంటుంది. మంచులోకి వెళ్లేదాకా వాంతులు తప్పవు.

మన దేశానికి ఇలాంటి ఓడ ఎందుకు లేదు? (ఇంజనీర్, వరంగల్)

నాకూ బాధ కలిగించే విషయం ఇది. 1982 జనవరిలో మనవాళ్లు మొదటిసారి అంటార్కిటికాలో దిగిందే నార్వే నుంచి అద్దెకు తెచ్చిన ఓడలో. ఇప్పుడు అక్కడ మైత్రి, భారతి అని రెండు స్టేషన్లు నడుపుతున్నాం, ఆర్కిటిక్‌లో హిమాద్రి ఉంది, అయినా ఏటా అంటార్కిటికాకి వెళ్లే ఓడ మాత్రం అద్దెదే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ దగ్గరున్న సాగర్ నిధి ఓడ కాస్త మంచును తట్టుకోగలదు గానీ ఐస్‌బ్రేకర్ కాదు. అద్దె ఓడ అంటే డీజిల్, తిండి సామాన్లు, మనుషులు, వీటికే మొదటి చోటు. అక్కడి వేసవి నాలుగు నెలలు. దించాల్సినవి దించి వచ్చేయాలి, ఒకచోట ఆగి సముద్రాన్ని కొలుద్దామంటే టైమ్ ఉండదు. 2025 జూన్‌లో కోల్‌కతా జీఆర్ఎస్ఈ షిప్‌యార్డ్ నార్వే కంపెనీ కాంగ్స్‌బెర్గ్‌తో మన మొదటి ధ్రువ పరిశోధన ఓడ కోసం ఒప్పందం రాసుకుంది. ఖర్చు ఎక్కువే, కాదనను. కానీ మన రుతుపవనాలకు దక్షిణ మహాసముద్రంతో సంబంధం ఉందని మన శాస్త్రవేత్తలే అధ్యయనం చేస్తున్నప్పుడు, ఆ లెక్కల కోసం ఇంకొకరి ఓడ టైంటేబుల్ చూసుకుంటూ కూర్చోవడం ఎంతకాలం?

బీఎస్సీ చదువుతున్నాను. నేనూ వెళ్లగలనా? (విద్యార్థిని, కర్నూలు)

తప్పకుండా ప్రయత్నించమ్మా. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఏటా బృందాన్ని పంపుతుంది, పీజీ తర్వాత ఏదైనా పరిశోధన సంస్థలో ప్రాజెక్టులో చేరడం సులువైన దారి. మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ వాళ్లకు మైత్రిలో భూకంపాలను నమోదు చేసే కేంద్రం ఉంది, అటు కూడా చూడు. సైన్స్ వాళ్లే కాదు, డాక్టర్లు, వంటవాళ్లు, జనరేటర్ మెకానిక్‌లు కూడా వెళ్తారు. ఎంపికైతే మెడికల్ టెస్టులు గట్టిగా ఉంటాయి, ఉత్తరాఖండ్‌లోని ఔలిలో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసులు) వాళ్ల దగ్గర మంచు శిక్షణ ఉంటుంది. ఈత రాకపోతే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు.